కపిలోళ్ళా, కవలోళ్ళా: ఒక అరుదైన ఇంటిపేరు కేసు

తిరుపతిలో చాలా ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అప్పట్నుంచి ఇంటిపేర్ల గురించి అడిగేవాళ్ళకి చేతనైన సాయం చేస్తున్నాను. దాదాపు అందరూ ఒకే ప్రశ్నతో వస్తారు: "మా ఇంటిపేరుకి అర్థం ఏంటి మేడమ్?" ఈ కేసులోనూ అదే అడిగారు. అర్థం కోసమే వెతుక్కుంటూ వెళ్ళి రెండు నెలలు పోగొట్టుకున్నాను, ఒక పెద్దాయన మనసు కష్టపెట్టాను. ఆ తర్వాత దారి దొరికింది. ఇలాంటి పని చేసేవాళ్ళకి పనికొస్తుందని మొదటి నుంచి రాస్తున్నాను.

మనుషుల పేర్లు, ఊరి పేరు, కులం, ఉద్యోగం ఏ శాఖలోనో ఇక్కడ ఉండవు. కొన్ని వివరాలు మార్చాను. ఇంటిపేరు మాత్రం మార్చలేదు, మారిస్తే కేసే మిగలదు. ఆ పేరున్నది వీళ్ళొక్కరికే కాదు, వీళ్ళతో చుట్టరికం లేని కుటుంబాలు వేరేచోట్లా ఉన్నాయి. రాయడానికి ఈ కుటుంబం కూడా ఒప్పుకుంది.

వచ్చిన సమస్య

వచ్చినాయన వయసు యాభై దాటింది, తిరుపతిలో ప్రభుత్వ ఉద్యోగం. కూతురు పై చదువుకి విదేశం వెళ్ళాలి. పాస్‌పోర్టు అప్లికేషన్‌లో సర్‌నేమ్ గడి దగ్గరికి వచ్చి ఆగిపోయారు. అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు కపిల. ఆయన సర్టిఫికెట్లలో, సర్వీసు రిజిస్టర్‌లో కవల. ఊళ్ళో ఉంటున్న నాన్న పాసుపుస్తకంలో "కె." అన్న ఒక్క అక్షరమే. నాన్న ట్రంకుపెట్టెలో ఒక పాత దస్తావేజు నకలు ఉంది కానీ అది తమిళంలో ఉంది, ఇంట్లో ఎవరికీ చదవను రాదు.

మనవాళ్ళు ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు. ఆఫీసు కాగితం దగ్గరికి వచ్చేసరికి దాన్ని ఒక్క ఇంగ్లీషు అక్షరానికి కుదించేస్తారు. కపిల అయినా కవల అయినా ఆ అక్షరం "కె"నే. రేషన్ కార్డు, ఓటరు లిస్టు, కరెంటు బిల్లు అన్నీ ఆ "కె" నీడలో నడిచిపోయాయి. రెండు తరాలపాటు తేడా ఏ ఆఫీసు కంటా పడకపోవడానికి కారణం అదే. పూర్తి ఇంటిపేరు రాయమని ఒక ఫారం అడిగిన రోజునే బయటపడింది.

ఇంట్లో రెండు కథలున్నాయి. ఆయన చెప్పేది: మా పూర్వీకులు కపిలతీర్థం దగ్గర సేవ చేసేవాళ్ళు, అందుకే కపిల, నేను చదివిన బళ్ళో ఎవరో తప్పుగా కవల అని ఎక్కించారు. ఆ నమ్మకంతోనే కూతుర్ని బళ్ళో వేసేటప్పుడు కపిల అని సరిచేసి రాయించారు. నాన్న చెప్పేది వేరు: ఎప్పుడో పూర్వం మనింట్లో కవలలు పుట్టినారు, ఇద్దరూ ఊరికి పెద్దమనుషులైనారు, ఆ పొద్దు నుంచి మనం కవలోళ్ళం. కొడుకు దేవుడి పక్కన నిలబడితే నాన్న రక్తం పక్కన నిలబడ్డారు. పండక్కి ఊరికెళ్ళినప్పుడల్లా ఈ మాట మీద చిన్నదో పెద్దదో గొడవ. ఇప్పుడు మధ్యలో అమ్మాయి చదువు, ఆ టెన్షన్ వేరే.

నన్ను అడిగినవి మూడు. పేరు ఎక్కడి నుంచి వచ్చింది, దాని అర్థం ఏంటి, ఈ పేరు వాళ్ళు ఇంకెంతమంది ఉన్నారు.

మొదట పట్టుకున్న దారి

నేను ముందు నిఘంటువు తీశాను. కపిల అంటే సంస్కృతంలో పసుపు కలిసిన ఎరుపు వన్నె. ఆ వన్నె ఆవు కపిలగోవు. సాంఖ్యం చెప్పిన ముని కపిలుడు. తిరుపతిలో ఏళ్ళ తరబడి ఉన్నదాన్ని, కపిల అన్న మాట వినబడగానే నా కళ్ళు కొండ అడుగున ఉన్న ఆ జలపాతం వైపే వెళ్ళాయి. ఆయన కథ నాకు నచ్చింది కూడా. నచ్చిన కథని పరీక్షించడం కష్టం, అందుకే రుజువులు వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఆయన ఒక రుజువు ఇచ్చారు. పెళ్ళైన కొత్తలో తిరుమలలో కల్యాణోత్సవం చేయించారట. సంకల్పంలో గోత్రం అడిగితే "కపిల గోత్రం" అని చెప్పారట, అయ్యవారు అలాగే పలికారట. మొదట ఇది బలమైనదే అనిపించింది. రాత్రి కూర్చుని ఆలోచిస్తే తేలిందేమంటే, అర్చకులు మనం చెప్పిందే పలుకుతారు. గోత్రం వేరు, ఇంటిపేరు వేరు. తన నోటి మాటే గుళ్ళోంచి మంత్రంతో కలిసి తిరిగి వచ్చేసరికి ఆయనకి అది సాక్ష్యంలా వినిపించింది. ఆ కుటుంబంలో ఆయనకి ముందు ఆ గోత్రం చెప్పినవాళ్ళు లేరు.

ఇంకో పరీక్ష పెట్టాను. గుడి సేవలో ఉన్న కుటుంబాలకి చాలాచోట్ల ఇనాం భూమి, అంటే సేవకి బదులుగా ఇచ్చిన మాన్యం, ఉండేది. 1860ల్లో ఇనాం కమిషన్ అలాంటి భూముల్ని విచారించి రిజిస్టర్లలో ఎక్కించింది. వీళ్ళ ఇంట్లో ఇనాం అన్న మాటే లేదు. నోటి కథల్లోనూ లేదు, కాగితాల్లోనూ లేదు. పైగా ఆ తీర్థానికి ఆళ్వారు తీర్థం అన్న పేరు కూడా ఉండేది. శైవులకి కపిలతీర్థం, వైష్ణవులకి ఆళ్వారు తీర్థం. కాబట్టి అక్కడ సేవ చేసినంత మాత్రాన ఊళ్ళో జనం "కపిల" అనే పిలుస్తారని గట్టిగా చెప్పలేం. ఈ కథ అబద్ధమని రుజువు కాలేదు, కానీ నిలబెట్టే ఆధారం ఒక్కటీ దొరకలేదు.

ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకి ఆయన ముందే ఇంటర్నెట్లో వెతికి ప్రింట్లు తెచ్చారు. ఆ అంకెలు చూసి మురిసిపోయారు. నేను ఆయన్ని కూర్చోబెట్టి వివరించాల్సి వచ్చింది. పంజాబు వైపు కపిల అనే ఇంటిపేరు ఉంది. 1952-53లో కెన్యాలో జోమో కెన్యాట్టా తరఫున వాదించిన లాయర్లలో అచ్ఛ్రూ కపిల ఒకరు, ఆయనవి పంజాబీ మూలాలు. శ్రీలంకలో మగపిల్లలకి కపిల అని పేరే పెట్టుకుంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో వీళ్ళందరూ ఒకే గుంపు. మనవాళ్ళేమో "కె." వెనక దాక్కుని ఆ లెక్కల్లోకే రారు. మన జనాభా లెక్కల్లో ఇంటిపేర్ల వారీ పట్టికలు ప్రచురించరు. కాబట్టి తెలుగు ఇంటిపేరు ఎంత అరుదో చెప్పే నమ్మదగిన అంకె ఇవ్వలేనని ఆ రోజే చెప్పేశాను. అంకె బదులు, ఎందుకు అరుదైందో చెప్పగలిగితే చెప్తానన్నాను.

ఒకప్పుడు ఇంటింటికీ వచ్చి వంశావళి చెప్పే వంశరాజుల్ని వెతికాం. ఆ ఊరికి వాళ్ళ రాకపోకలు ఎప్పుడో ఆగిపోయాయి. ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

సెటిల్‌మెంటు రికార్డుల కోసం, అంటే ప్రభుత్వం భూములు కొలిచి రాసుకున్న పాత లెక్కల కోసం వెళ్ళాం. అదీ కుదరలేదు, ఎందుకో తెలిశాక మాత్రం మేలే జరిగింది. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. తిరుపతి, చిత్తూరు, పలమనేరు వైపు తాలూకాలు ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చాయి. మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చాయి. వీటితోపాటు పుంగనూరు, శ్రీకాళహస్తి, కార్వేటినగరం జమీందారీలు. వీళ్ళ ఊరు కార్వేటినగరం జమీను కింద ఉండేది. రైత్వారీ ఊళ్ళకి, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే ఊళ్ళకి ఉన్నట్టు పాత సర్వే రిజిస్టర్లు జమీను ఊళ్ళకి దొరకవు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాకే ప్రభుత్వం ఇలాంటి ఊళ్ళు కొలిచి రైతుల పేర్లు ఎక్కించింది. అప్పటికే ఈ ఇంట్లో పేరు మారిపోయి ఉంది. అంటే మారకముందు పేరు కావాలంటే ప్రభుత్వం రాసుకున్న లెక్కల్లో కాకుండా, మనుషులు తమలో తాము రాసుకున్న కాగితాల్లో వెతకాలి.

పొరుగువాళ్ళ దస్తావేజులు

తెలుగు లెక్చరర్‌గా నాకు చదవడమే తెలుసు, దస్తావేజులు ఎలా చూడాలో తెలియదు. తెలిసిన ఒక దస్తావేజు లేఖరి పక్కన కూర్చుని నేర్పించాడు. రిజిస్ట్రేషన్ చట్టం 1908లో 57వ సెక్షన్ ఉంది. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే 1వ పుస్తకం నకళ్ళు ఫీజు కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. మన సొంత ఆస్తే కానక్కర్లేదు.

మొదట ఆ కుటుంబం పేరు మీద వెతికాం. ఏ స్పెల్లింగుతో వెతకాలో తెలియకనే కదా వచ్చాం! అంచేత రెండు రోజులు వృథా. మూడో రోజు అతనే అన్నాడు: "మేడమ్, వీళ్ళ చేను పక్కన చేన్లు ఎవరివో కనుక్కోండి. వాళ్ళ చెక్కుబందీలు చూద్దాం." చెక్కుబందీ అంటే దస్తావేజులో నాలుగు దిక్కులా హద్దులు రాసే భాగం.

ఆ మాటతో కేసు మలుపు తిరిగింది. మనిషి తన దస్తావేజులో తన పేరు ఎలా ఉండాలనుకుంటే అలా రాయించుకోవచ్చు. పొరుగువాడి దస్తావేజులో అతను కేవలం ఒక హద్దు. అక్కడ అతన్ని గొప్ప చేయాల్సిన పని లేదు, తక్కువ చేయాల్సిన పనీ లేదు. ఊరంతా ఎలా పిలుస్తుందో అలాగే రాస్తారు, లేకపోతే రేపు హద్దు తగాదాలో అది ఎవరి చేనో తేలదు.

1920ల నాటి ఒక తెలుగు అమ్మకం దస్తావేజులో దొరికింది. "తూర్పు: కపిలవాండ్ల బావి." అదే దశాబ్దంలో ఇంకోదాంట్లో "ఉత్తరం: కపిలవాండ్ల మెట్ట". ఇద్దరు వేర్వేరు పొరుగువాళ్ళు, ఇద్దరు వేర్వేరు రైటర్లు, ఒకటే పేరు. పక్కనే బావి అన్న మాట కూడా ఉంది.

బావి పక్కన కపిల అని చదివాక నాకు వెలిగింది, ఇన్నాళ్ళూ వెలగనందుకు బాధేసింది కూడా. కపిల అంటే రాయలసీమలో ఎద్దులతో బావిలో నీళ్ళు తోడే సాధనం. తెలంగాణవాళ్ళు మోట అంటారు. కన్నడంలో కపిలె. చిన్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో "కపిల తోలడానికి పోయినారు" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. నిఘంటువు తెరిచినప్పుడు ఆ మాట నా చెవిలో మోగలేదు. పుస్తకం పట్టుకోగానే సంస్కృతం వైపే చూశాను.

తమిళ రైటరు చేసిన పని

అయినా ఇక్కడే ఆగిపోలేదు. బావి ఉన్న కుటుంబాన్ని కపిల ముని పేరుతో పిలవకూడదని ఎక్కడా లేదు. "కపిలవాండ్ల బావి" అంటే "కపిల అనే ఇంటిపేరున్నవాళ్ళ బావి" అని మాత్రమే రుజువైంది. ఆ ఇంటిపేరు బావి వల్లే వచ్చిందని రుజువు కాలేదు.

రుజువు వాళ్ళ ట్రంకుపెట్టెలోనే ఉంది. తమిళం బాగా తెలిసిన ఒక స్నేహితురాలి చేత ఆ నకలు చదివించాను. 1930ల నాటి తాకట్టు. తిరుమల శాసనాల్లో ఎక్కువభాగం తమిళంలో ఉన్న నేల ఇది, తెలుగు మనిషి పేరు తమిళ లిపిలోకి ఎక్కడం ఇక్కడ కొత్త కాదు. నగరి, పుత్తూరు, సత్యవేడు వైపు తెలుగువాళ్ళ దస్తావేజులు తమిళంలో ఉంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అందులో నా దగ్గరికి వచ్చినాయన ముత్తాత పేరుకి ముందు రాసి ఉన్న మాట "కవలై".

స్నేహితురాలు చదివి నవ్వింది. "కవలై అంటే దిగులు. దిగులోళ్ళా వీళ్ళు?" అంది. ఒక్క క్షణం ఆగి తనే మళ్ళీ అంది, "కాదు, ఇంకో కవలై ఉంది. ఎద్దులతో నీళ్ళు తోడేది. మా తాతల ఊళ్ళో ఉండేది."

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆలోచించింది ఇక్కడే. కపిల, కవలై. అక్షరాలు దగ్గరగా ఉన్నాయి కాబట్టి విని తప్పు రాశాడనుకోవచ్చు. కానీ తమిళ లిపిలో "కపిల" అని రాయడానికి అడ్డేమీ లేదు. కపిలర్ అని తమిళులకి సంగం కాలపు గొప్ప కవే ఉన్నాడు, ఆ పేరు రాయడం ఆ రైటరుకి చిన్నప్పటి నుంచి అలవాటే అయి ఉంటుంది. మునిపేరు అనుకుని ఉంటే దాన్ని కవలై చేసి ఉండడు. ఎదురుగా కూర్చున్న రైతు "కపిలోళ్ళం" అన్నాడు. రైటరుకి అది నీళ్ళు తోడే కపిల అని అర్థమైంది. తన భాషలో ఆ సాధనానికి ఉన్న మాట పెట్టాడు. అంటే అతను పేరుని అనువాదం చేశాడు. అర్థం తెలియకుండా అనువాదం కుదరదు. 1930ల్లో ఆ ఇంటిపేరు అర్థం చెప్పినవాడికీ తెలుసు, రాసినవాడికీ తెలుసు. ఇంట్లో ఎవరికీ చదవను రాని కాగితంలోని ఆ మాటే ఈ కేసులో అన్నిటికంటే గట్టి సాక్షి.

అక్కడి నుంచి మిగతా దారి సులభం. తమిళ కవలై ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళింది. నాన్నని బళ్ళో వేసినప్పుడు, 1940ల చివర్లో, ఎవరో దాన్ని మళ్ళీ తెలుగు చేశారు. చివరి "ఐ" రాలిపోయి కవల మిగిలింది. తెలుగులో కవలకి జంట అని అర్థం ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ అర్థానికి తగ్గట్టు కవలల కథ పుట్టింది. నాన్న చెప్పిన వంశవృక్షంలో ఐదు తరాల్లో ఎక్కడా కవలలు లేరు, "అంతకుముందెప్పుడో" అనేవారు.

అత్త మాట

కాగితాలు ఒకటి చెప్తున్నప్పుడు మనుషులు ఏమంటారో వినాలి. ఎవర్ని అడగాలి? ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ ఇప్పుడు కవలోళ్ళనే అంటున్నారు. అప్పుడు గుర్తొచ్చింది, పెళ్ళై వెళ్ళిపోయిన ఆడపడుచులు ఉంటారు కదా. పుట్టింటి పేరు వాళ్ళ దగ్గర, వాళ్ళు గడప దాటిన రోజున ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. తర్వాత బళ్ళలో, ఆఫీసుల్లో వచ్చిన మార్పులు వాళ్ళదాకా వెళ్ళవు.

నాన్నకి పెద్దక్క ఉన్నారు. తొంభైకి దగ్గర్లో ఉన్నారు. బడికి వెళ్ళలేదు, పదమూడో పద్నాలుగో ఏట పెళ్ళై పడమటి వైపు వెళ్ళిపోయారు. నా దగ్గరికి వచ్చినాయనతో కలిసి ఆమె దగ్గరికి వెళ్ళాను. ముందు ఏమీ చెప్పకూడదని, కపిల అన్న మాట మా నోట్లోంచి రాకూడదని ఆయనతో ఒట్టేయించుకున్నంత పని చేశాను. పెద్దవాళ్ళ ముందు మనం జవాబు పెట్టేస్తే వాళ్ళు మన మీద ప్రేమతో అవునంటారు.

ఆయన మంచం పక్కన కూర్చుని, "అత్తా, మీ పుట్టింటోళ్ళని ఊళ్ళో ఏమనేవాళ్ళు? కవలోళ్ళనా?" అన్నారు.

ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నారు. "కవలోళ్ళెవురు నాయనా? మేము కపిలోళ్ళం గదా" అన్నారు. నా వైపు తిరిగి, "మాది రెండు కపిలల బావి అమ్మణ్ణీ. ఊరంతా చెరువు కింద. మా ఒక్కరి చేను మెట్ట మీద. చెరువు నీళ్ళు అక్కడికి ఎక్కవు. తెల్లారుజామున మా నాయన కపిల తోలతా పాడతా ఉంటే ఊరికి తెల్లారేది" అన్నారు.

ఈ నాలుగు మాటల్లో, నేను ఇంటర్నెట్ అంకెలతో చెప్పలేని జవాబు ఉంది. రాయలసీమలో కపిల బావులకి కొదవ లేదు. మరి ఈ ఇంటిపేరు ఎందుకింత అరుదు? వంద ఇళ్ళకి వంద కపిలలున్న ఊళ్ళో "కపిలోళ్ళు" అంటే ఎవరికీ గుర్తు పట్టడానికి పనికిరాదు. చెరువు కింద సాగే ఊళ్ళో, తూము నీళ్ళు ఎక్కని మెట్ట మీద, ఒకే ఒక్క ఇంటికి కపిల ఉంటే ఆ మాట గుర్తు అవుతుంది. గుర్తుగా పిలిచిందే పేరుగా మిగిలింది. ఊరి పేర్లు ఇంటిపేర్లయినప్పుడూ ఇదే జరుగుతుంది. తాళ్ళపాక అన్న ఇంటిపేరు రాజంపేట దగ్గరున్న తాళ్ళపాక ఊరి నుంచి వచ్చింది. ఆ ఊళ్ళోనే ఉండేవాళ్ళకి ఆ పేరుతో పని లేదు, బయటికి వచ్చినవాళ్ళనే జనం అలా పిలుస్తారు. వీళ్ళది ఊరి పేరేమో అని కూడా చూశాను, ఆ చుట్టుపక్కల కపిల అన్న ఊరు లేదు.

రెండు కపిలలు అనగానే నా మనసు ఒక పని చేయబోయింది. రెండు కాబట్టి జంట, జంట కాబట్టి కవల. రెండు కథలూ కలిసిపోయేవి, నాన్న కూడా సంతోషించేవారు. కానీ తమిళ దస్తావేజు కంటే ముందు కవల అన్న మాట ఎక్కడా లేదు. అందుకే ఆ ముడి వేయలేదు.

చెప్పడంలో చేసిన తప్పు

ఇంత దొరికిన ఉత్సాహంలో మూడు పేజీల రిపోర్టు టైపు చేసి ఆయనకి వాట్సాప్‌లో పంపాను. ఆయన దాన్ని ఊళ్ళో ఉన్న తమ్ముడికి పంపారు. తమ్ముడు నాన్నకి గట్టిగా చదివి వినిపించాడు. సాయంత్రానికి పెద్దాయన ఫోను చేశారు. "ఏమ్మా, మమ్మల్ని నీళ్ళు తోడే కూలోళ్ళని చేసినావంట" అన్నారు. నేను వివరించబోయాను. ఫోను పెట్టేశారు.

తప్పు ఆయనది కాదు. నా రిపోర్టులో "ఎద్దులతో నీళ్ళు తోడే సాధనం, దాన్ని తోలే పని" అని ఉంది. కపిల సొంతంగా ఉండడం, కూలికి కపిల తోలడం, నీళ్ళు పైకి తెచ్చే తోలు బాన కుట్టడం, ఈ మూడూ వేర్వేరు. ఇంటిపేరు ఈ మూడింటిలో దేన్నుంచైనా రావచ్చు, ఏదైనా గౌరవమైన పనే. కానీ మా దగ్గరున్న ఆధారాలు మొదటిదాన్నే చెప్తున్నాయి, ఆ సంగతి నేను స్పష్టంగా రాయలేదు. అంతకంటే పెద్ద తప్పు, డెబ్భై ఏళ్ళు తను చెప్పుకున్న కథ పోయిందని ఒక మనిషి ఫోనులో విన్నారు. అలాంటి మాట ఎదురుగా కూర్చుని, ఆయన్నే అడుగుతూ చెప్పాల్సింది.

రెండు వారాలు ఆగి ఊరికి వెళ్ళాను. రిపోర్టు తీసుకెళ్ళలేదు. క్షమించమని అడిగి, బావి చూపించమన్నాను.

బావి దగ్గర

బావి పూడిపోలేదు, అడుగున నాచునీళ్ళు. చుట్టూ కంప పెరిగింది. ఒక వైపు నేల ఏటవాలుగా దిగుతూ పోతుంది, ఎద్దులు నడిచిన దారి అది. మోకు లాగుతూ ఎద్దులు పల్లానికి దిగితే బాన పైకొస్తుంది. అంచున రెండు రాతి స్తంభాలుండేవి, ఒకటి విరిగి పడిపోయింది. గిలక ఎప్పుడో పోయింది. అంచు బండ మీద మాత్రం ఒక గాడి ఉంది. నా చూపుడు వేలు పెడితే రెండు కణుపులదాకా మునిగింది. ఆ లోపల రాయి అద్దంలా నున్నగా ఉంది.

పెద్దాయన నన్నే చూస్తూ ఉన్నారు. "అది సన్న తాడు ఒరుసుకున్నది" అన్నారు. "బానకి కింద తోలు తొండం ఉంటుంది. పెద్ద మోకు బానని లాగితే, సన్న తాడు తొండాన్ని మడిచి పట్టుకుంటుంది. పైకొచ్చినాక తొండం తెరుచుకుని నీళ్ళు తొట్లో పడతాయి."

"మీరు తోలినారా అయ్యా?"

"తోలకేం! ఎద్దులు దిగేటప్పుడు మోకు మీద కూర్చునేవాణ్ణి, బరువుకి. మా నాయన ఆ పక్క, నేను ఈ పక్క. కరెంటు మోటారు వచ్చినాక వదిలేసినాం."

ఆయన కపిల తోలారు. తను తోలిన దాని పేరు కపిల అని జీవితమంతా తెలుసు. ఇంటిపేరు కవల అని బళ్ళో రాశారు, అది వేరే మాట. ఆ రెండూ ఒకటే కావచ్చన్న ఆలోచన రావడానికి ఆయనకి దారే లేదు. నేను అప్పుడు కూడా చెప్పలేదు. పొరుగువాళ్ళ దస్తావేజు నకలు సంచిలోంచి తీసి, ఆ ఒక్క గీత చూపించి, "ఇది ఎవరి బావి అయ్యా?" అని అడిగాను.

కళ్ళజోడు సరిచేసుకుని అక్షరం అక్షరం చదివారు. "కపిలవాండ్ల బావి." మళ్ళీ చదివారు. కాసేపు బావి వైపు చూసి, "మా అక్క ఇట్లనే అనేది. బడికి పోనిది, దానికేం తెలుసులే అనుకున్నా" అన్నారు.

ఇప్పుడు నేను చేసే తీరు

ఈ కేసు తర్వాత ఎవరు వచ్చినా మొదటి రోజు అర్థం మాట ఎత్తను. ఒక తెల్ల కాగితం మీద ఆ ఇంటిపేరు దొరికిన రూపాలన్నీ రాయిస్తాను. ఏ సంవత్సరం, ఏ భాష, రాసింది ఎవరు, చెప్పింది ఎవరు. రాసినవాడి భాష ఏదో తెలియకుండా ఆ స్పెల్లింగుని నమ్మను, కొట్టిపారేయను. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి లెక్కలన్నీ కరణం చేతిరాతే. ఒక్క చెయ్యి మారితే ఊరి పేర్లన్నీ కాస్త కాస్త మారతాయి. సరిహద్దు ఊళ్ళ కాగితాల్లో కన్నడం, తమిళం తెలిసినవాళ్ళని తప్పకుండా పక్కన కూర్చోబెట్టుకుంటాను. పొరుగువాళ్ళ చెక్కుబందీలు, ఇంటి ఆడపడుచుల మాట, ఈ రెండూ వినకుండా ఏదీ తేల్చను. తేల్చింది కూడా ఫోనులో చెప్పను.

ఆ తర్వాత

కాగితాల సంగతి లాయరు చూశారు. అమ్మాయి పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న కపిలనే పాస్‌పోర్టుకీ వాడారు. నాన్న తప్పు కారణంతో సరైన పేరే పెట్టారని ఆ పిల్ల నాతో అంది, ఆ మాట అంటున్నప్పుడు గొంతులో ప్రేమే ఉంది. తండ్రి పేరులో తేడాకి, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని అఫిడవిట్ ఇచ్చారు. ఆయన తన పేరు గెజిట్‌లో మార్పించుకుంటానన్నారు, నేను ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోమన్నాను. రిటైర్మెంటు దగ్గర పడుతున్నప్పుడు సర్వీసు రిజిస్టర్‌లో పేరు మారిస్తే పెన్షన్ కాగితాలు అక్కడక్కడా ఆగుతాయి. ఆయన కవలగానే ఉండిపోయారు. పెద్దాయన పాసుపుస్తకంలో "కె." అలాగే ఉంది.

మూడు రూపాలకీ కారణం చెప్తూ ఒక పేజీ రాసి వాళ్ళ ఫైలుకి ముందు పెట్టించాను. ఈసారి తెలుగులో, పెద్దాయన చదివి సరేనన్నాకే. "కూలి" అన్న మాట రాకుండా, "రెండు కపిలల బావి ఉన్న ఇల్లు" అని ఉంది. కవలల కథని కూడా తీసేయలేదు, "ఇంట్లో ఇలా చెప్పుకునేవారు" అని కింద ఉంచాను. ఆ కథని డెబ్భై ఏళ్ళు నమ్మిన మనిషి ఉన్నారు కాబట్టి అదీ ఆ ఇంటి చరిత్రే.

ఆ బావి ఎవరు తవ్వించారన్నది మాత్రం ఏ కాగితంలోనూ లేదు. అత్త వాళ్ళ తాతకి తండ్రి తవ్వించాడని ఆమె అన్నారు. ఆ వాక్యం దగ్గర "పెద్దత్త చెప్పింది" అని రాశాను. పెద్దాయన పెన్ను తీసుకుని పక్కన ఆమె పేరు కూడా రాశారు, ఇంటిపేరు కపిల అని పూర్తిగా పెట్టి.